పన్నెండున్నర కిలోలు

సోమవారం పొద్దున ఆరున్నరకి ఆటస్థలంలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు చెప్పులు విప్పి వరసగా నిలబడ్డారు. బొగోటా దక్షిణపు కొండల మీద ఆ వేళకి సిమెంటు గచ్చు తగిలితే అరికాళ్ళు జివ్వుమంటాయి. దానికి తోడు కంబళ్ళు కూడా తీసెయ్యమన్నాడు ఫాబియాన్. బరువులు చూడ్డానికి నగరం గుత్తకు కుదుర్చుకున్న ఏదో కంపెనీ తాలూకు కుర్రాడతను. మెడలో కార్డు, చంకలో తూకం యంత్రం, ముఖంలో తొందర.

"కంబళి తీస్తే చలికి చస్తాను బాబూ. శవాన్ని తూచి తగ్గిందని రాసుకుంటావా?" అంది ట్రాన్సితో అనే పెద్దావిడ. మర్యాదకి పేరు ముందు దోన్యా చేర్చి పిలుస్తారు. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు.

అందరూ నవ్వారు, నవ్వుతూనే కంబళ్ళు తీశారు. నవ్వుల్లో బెదురుంది. మూడు నెలల కిందట నగరం మా పేటకి యూరానీ అనే పిల్లను పంపింది. వారానికి మూడు పొద్దులు, గంటసేపు పాటలు పెట్టి అందరిచేతా ఒళ్ళు వంచి ఆడిస్తుంది, పైసా తీసుకోదు. తర్వాత పావుగంట కూర్చోబెట్టి కంచంలో సగం కూరలుండాలని చెబుతుంది. మొదటి రోజునే ఇంకో యంత్రం మీద అందరినీ తూచి రాసుకున్నారు. మూడు నెలలయ్యాక మళ్ళీ తూస్తారట. పేట మొత్తం మీద బరువు తగ్గితే యూరానీ ఇంకో ఏడాది ఉంటుంది, లేకపోతే వేరే పేటకి పోతుంది. ఈ షరతు ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళు మా మెట్లు ఒక్కసారైనా ఎక్కి ఉండరు.

వరసలో ఐదో మనిషి నూబియా. కొండ కింద, మెట్లు మొదలయ్యేచోట ఆవిడకి కూరగాయల కొట్టుంది. కొట్టు తలుపు మీద నగరం వాళ్ళు 'ఆరోగ్యపు అంగడి' అని పచ్చ కాగితం అతికించి వెళ్ళారు. యూరానీ మాట విని పేట జనం కారెట్లూ పాలకూరా కొనడం మొదలుపెట్టాక ఆ కొట్టు ముందు ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటున్నారు.

నూబియా యంత్రం ఎక్కింది.

"అరవై నాలుగున్నర," అన్నాడు ఫాబియాన్.

ఆవిడ వంగి అంకెలు చూసుకుంది. మొన్న శనివారం టోకు మార్కెట్‌లో, ప్రతివారంలాగే, బస్తాల కాటా ఎక్కి నిలబడింది. "ఈ బస్తా ఎంతకిస్తారు?" అని హమాలీలు ఏడిపించారు కూడా. అప్పుడు అరవై రెండు. రెండు రోజుల్లో రెండున్నర కిలోలు ఎవరూ పెరగరు. ఈ యంత్రం ఎక్కువ చూపిస్తోందని నూబియాకి అక్కడికక్కడే అర్థమైంది. చెబుదామని నోరు తెరిచేలోపు వెనకున్న ఎర్మిందా యంత్రం ఎక్కేసింది.

పేటలో అందరికన్నా భారీ మనిషి ఎర్మిందా. పాట పెడితే అందరికన్నా బాగా ఆడేదీ ఆమే. చక్కెర జబ్బని తెలిసిన దగ్గర్నుంచీ అరికాళ్ళు తిమ్మిర్లు. ఈ మూడు నెలలూ రొట్టె ముట్టలేదు, పొద్దున్నే బెల్లం నీళ్ళు తాగడం మానేసింది. రెండు వందల పద్నాలుగు మెట్లు, ఇదివరకు ఆరుచోట్ల ఆగి ఎక్కే మనిషి, ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు.

"తొంభై నాలుగు కిలోల ఆరు వందలు," అన్నాడు ఫాబియాన్. "అప్పుడు తొంభై మూడు ఎనిమిది వందలు. పెరిగారు."

"నేనా?"

"ఇంట్లో మీరేం తింటున్నారో మాకు కనిపించదు కదా దోన్యా. యంత్రానికి కనిపిస్తుంది."

ఎర్మిందా నడుం దగ్గర లంగా మడిచి పెట్టుకున్న పిన్నీసు చూపించింది. "మరి ఇదేమిటి? మొదట్లో ఈ పిన్నీసు లేదు."

"గుడ్డ సాగుతుందండీ. తర్వాత ఎవరు?"

ఎర్మిందా దిగలేదు. ముఖం ఎర్రబడింది. తింటూ తినలేదని అబద్ధమాడుతోందని ఇరవై మంది ముందు అనిపించుకోవడం ఆమెకి అదే మొదలు. "ఉండు బాబూ. నీ యంత్రం సంగతి ఇప్పుడే తేలుస్తాను," అని దిగి, చెప్పులైనా వేసుకోకుండా ఇంటివైపు నడిచింది. ఆమె ఇల్లు ఆటస్థలం పక్కనే.

ఆమె ఏం తేబోతోందో నూబియాకి తట్టింది. రెండడుగులు వెంట వెళ్ళి, "వద్దులే కొమాద్రే, దుంపలు తేమారితే బరువు తగ్గిపోతాయి," అంది. ఎర్మిందా కూతురికి జ్ఞానస్నానం చేయించిన రోజు పిల్లని ఎత్తుకుని నిలబడింది నూబియానే. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అనుకుంటారు, ఆ పిలుపు సొంత అక్కచెల్లెళ్ళకి కూడా దొరకదు.

"రాత్రికి రాత్రి ఎంత ఆరతాయి?" అంది ఎర్మిందా. నిమిషంలో బంగాళాదుంపల సంచి కావలించుకుని వచ్చింది. "నిన్న సాయంత్రం కొన్నాను. మూతి కూడా విప్పలేదు. ఒక అర్రోబా, అంటే పన్నెండున్నర కిలోలు. తూచింది మా కొమాద్రే. పెట్టు, ఎంత చూపిస్తుందో చూద్దాం."

ఫాబియాన్ సంచిని యంత్రం మీద పెట్టాడు. అందరూ మెడలు సాచారు. పన్నెండు కిలోల రెండు వందలు.

అతను ఆ పొద్దున మొదటిసారి నవ్వాడు. "మూడు వందల గ్రాములు తక్కువే చూపిస్తోంది. అంటే మీరందరూ ఇంకా ఎక్కువ బరువున్నారన్నమాట. పోనీలెండి, అది కలపనులెండి."

నూబియా తూకం తప్పేమోనన్న ఆలోచన ఇరవై ఒక్క మందిలో ఒక్కరికీ రాలేదు. పదకొండేళ్ళుగా ఆవిడ దగ్గర కొంటున్నారు. దొంగకి తేలు కుట్టినట్టు నూబియా గచ్చు మీద కూర్చుని చెప్పుల్లోకి కాళ్ళు దూర్చుకుంది. ఎడమది కుడికాలికి తొడుక్కుని మళ్ళీ విప్పింది.

చివరికి పేట మొత్తం తొమ్మిది కిలోలు పెరిగిందని తేల్చాడు ఫాబియాన్. గురువారమే ఆఖరి తరగతి. ఆ రోజు వచ్చి సంతకాలు తీసుకుని, పాటల పెట్టె పట్టుకుపోతానని చెప్పాడు. యూరానీ అటు తిరిగి పెట్టె తీగలు చుట్టుకుంటూ చాలాసేపు ఉండిపోయింది.

*

నూబియా కొట్టులో కాటా పైనుంచి వేలాడుతుంది. గుండ్రటి ముఖం, ముల్లు, కింద మూడు గొలుసులకి తగరపు పళ్ళెం. పళ్ళెం అడుగున, చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెలియనిచోట, లారీ చక్రం తాలూకు నట్టు ఒకటి నల్ల టేపుతో అంటించి ఉంటుంది. నూట యాభై గ్రాములు. ఖాళీ పళ్ళేనికే ముల్లు సున్నా దాటి నిలబడ్డం ఎవరికీ కనిపించకుండా కాటా ముఖాన్ని తనవైపు తిప్పి పెట్టుకుంది. అర్రోబా తూచాలంటే ఐదు పళ్ళేలు. పళ్ళేనికి నూట యాభై చొప్పున ముప్పావు కిలో.

టోకు మార్కెట్‌లో తనకీ ఇలాగే తూస్తారు, అంతకన్నా ఎక్కువే కోస్తారు. పైన కోసింది కింద పూడ్చుకోవడం తప్పెలా అవుతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. మనిషికి రెండు దుంపలు. రెండు దుంపలకి ఎవరి కడుపు మాడుతుంది?

సోమవారం మధ్యాహ్నం బేరం సద్దుమణిగాక గోరుతో టేపు ఊడబీకి నట్టుని జేబులో వేసుకుంది. మనసు తేలికపడలేదు. కాలుకాలిన పిల్లిలా కొట్టులో అటూ ఇటూ తిరిగింది. ఉల్లిపాయలు తీసి మళ్ళీ పేర్చింది, పాలకూర మీద రెండుసార్లు నీళ్ళు చల్లింది. యంత్రం తప్పని రుజువు చెయ్యడం పెద్ద పని కాదు. మిల్లులో కుట్టిన బియ్యం బస్తా ఒకటి పెడితే చాలు, సంచి మీద బరువు అచ్చువేసే ఉంటుంది. కానీ ఆ బస్తా పదమూడు చూపించిన క్షణాన, సోమవారం నాటి దుంపలు అసలెంతో దోన్యా ట్రాన్సితో వేళ్ళ మీద చెప్పేస్తుంది. యంత్రాన్ని పట్టించే రుజువు ఏదైనా సరే తనని కూడా పట్టిస్తుంది. అటు తిరిగి ఇటు తిరిగి ఎంత ఆలోచించినా మూడో దారి కనిపించలేదు.

మంగళవారం దోన్యా ట్రాన్సితో రెండు కిలోల దుంపలు తూయించుకుని సంచి ఎత్తి చూసింది. "ఇవాళ బరువున్నాయేమిటే?"

"ఎప్పటిలాగే ఇచ్చాను దోన్యా."

"అయితే నాకే ఓపిక తగ్గినట్టుంది. ఆ కుర్రాడేమో లావయ్యానంటాడు. లావయ్యేదీ ఓపిక తగ్గేదీ ఒకేసారి వచ్చాయంటే ఇక పోయే రోజులే." ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నూబియాకి నవ్వు రాలేదు. ఆ సంచి ఈ ముసలామె ఇన్నేళ్ళూ మోయవలసిన బరువు.

బుధవారం సాయంత్రం ఎర్మిందా వచ్చింది. కొట్టు పక్కన మూడో మెట్టు మీద కూలబడి, కాగితం పొట్లం విప్పి, జున్ను రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. మొక్కజొన్న పిండీ జున్నూ కలిపి కాల్చిన వేడి రొట్టె. వాసన కొట్టులోకి వచ్చింది.

"అదేమిటి కొమాద్రే, తినకూడదు కదా," అంది నూబియా.

"తినకపోతే మాత్రం ఏం ఒరిగింది? మూడు నెలలు నోరు కట్టుకున్నాను. పిల్లలు తింటుంటే వంటింట్లోంచి లేచి పోయేదాన్ని. ఏం లాభం? పెరిగానట."

"ఆ యంత్రం తప్పు చూపిస్తూ ఉండొచ్చు."

"నేనూ అదే అనుకున్నాను. అందుకే కదా దుంపలు తెచ్చాను." ఎర్మిందా ఇంకో ముక్క తుంచింది. "యంత్రం అబద్ధమాడుతుందేమో గానీ నీ తూకం అబద్ధమాడదు కదా."

వెటకారం కాదు, నిజంగానే అంది. నూబియా కాటా గొలుసు పట్టుకుని నిలబడిపోయింది.

"లే, చీకటి పడుతోంది," అంది చివరికి.

ఎర్మిందా లేచింది. నూబియా ఆమె మెట్లెక్కడం చూస్తూ ఉంది. నలభై మెట్ల దగ్గర ఆగింది. గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఎనభై దగ్గర మళ్ళీ ఆగి, ఈసారి కూర్చుంది. కాళ్ళలో సత్తువ పోయి కాదు. మూడు రోజుల్లో కాళ్ళు అంత చెడిపోవు. ఎక్కగలనన్న నమ్మకమే పోయింది, దాన్ని ఎవరు తీసేశారో నూబియాకి తెలుసు.

కొట్టు మూసి, ఎదురుగా ఉన్న కిరాణాకి వెళ్ళి మిల్లు కుట్టుతో ఉన్న బియ్యం బస్తా ఒకటి ఇమ్మంది. పన్నెండున్నర కిలోలది.

*

గురువారం పొద్దున బస్తాని భుజానికెత్తుకుని మెట్లెక్కింది. కూరల గంపలు మోసే భుజమే అయినా ఆ రోజు మెడ నరం లాగింది. తలపైన తీగల మీద కేబుల్ కారు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి జనాన్ని మోసుకుపోతున్నాయి. నూరో మెట్టు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి దిగిపోతే అడిగేవాళ్ళు లేరు. పై నుంచి యూరానీ పాట మొదలైంది. నూబియా భుజం మార్చుకుని ఎక్కింది.

"వీడ్కోలు విందా? బియ్యం నీవైతే కోడి ఎవరిది?" అని అడిగింది దోన్యా ట్రాన్సితో.

తరగతి అయ్యేదాకా నూబియా బస్తాని గోడవారగా పెట్టి ఆఖరి వరసలో చేతులాడించింది. పాట ఎటో, చేతులెటో. ఎర్మిందా ఆ రోజు ఆడలేదు, బల్ల మీద కూర్చుంది. ఫాబియాన్ కాగితాలు తీసి సంతకాలకి పిలిచాడు.

"సంతకాలకి ముందు ఇంకోటి తూచు బాబూ," అంది నూబియా. బస్తాని ఈడ్చుకొచ్చి అచ్చుగుద్దిన వైపు పైకి తిప్పింది. "మిల్లు కుట్టు. ఎవరూ విప్పలేదు. అందరూ చదవండి."

ఫాబియాన్ విసుక్కుంటూనే యంత్రం పెట్టాడు. బస్తా ఎక్కించారు. పదమూడు కిలోలు.

అతను బస్తా దింపి, యంత్రాన్ని గచ్చులో వేరేచోట పెట్టి మళ్ళీ ఎక్కించాడు. పదమూడు. తిరగేసి కాళ్ళు తడిమి చూశాడు, మళ్ళీ ఎక్కించాడు. పదమూడు.

"పన్నెండున్నరకి అరకిలో ఎక్కువ," అంది యూరానీ గట్టిగా. "తొంభై కిలోల మనిషికి మూడున్నర. రాయండి, ఇప్పుడు రాయండి."

ఎర్మిందా బల్ల మీంచి లేచి వచ్చి నూబియా భుజాల మీద చెయ్యి వేసింది. నవ్వుతోంది, కళ్ళు తడిగా ఉన్నాయి. "నేను తినలేదని చెప్పానా లేదా? నా కొమాద్రే బస్తా మోసుకొచ్చింది చూడండి, నా కోసం."

ఆ గోలలో దోన్యా ట్రాన్సితో ఒక్కతే వేళ్ళు మడుస్తోంది. కాసేపటికి తల ఎత్తింది.

"మరి సోమవారం దుంపలు?"

గోల మెల్లగా అణిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎర్మిందా చెయ్యి నూబియా భుజం మీదే ఉంది.

"ఆరిపోయుంటాయి," అంది ఎర్మిందా. "దుంపలు తేమారితే తగ్గుతాయని ఆ రోజే చెప్పింది."

దారి తెరిచి పట్టుకున్నట్టే. ఊరుకుంటే చాలు, అందరూ తలూపేవాళ్ళు.

"ఆరలేదు," అంది నూబియా. "నేనే తక్కువిచ్చాను."

జేబులోంచి నట్టు తీసింది. నల్ల టేపు ఇంకా దానికి అంటుకునే ఉంది. "పళ్ళెం కింద ఇది పెట్టాను. పళ్ళేనికి నూట యాభై గ్రాములు. నీ ఒక్కదానికే కాదు, అందరికీ."

ఇంకేం చెయ్యాలో తోచక దాన్ని వంగి యంత్రం మీద పెట్టింది. యంత్రం సున్నా చూపించింది. అంత చిన్న బరువు దానికి కనిపించదు.

భుజం మీది చెయ్యి జారిపోయింది. ఒకామె కంబళి కప్పుకుంది. ఫాబియాన్, పాపం, ఎటు చూడాలో తెలియక ఫోను తీసుకుని పక్కకి వెళ్ళాడు. నూబియా బస్తాని మళ్ళీ భుజానికెత్తుకుంది. పట్టమని ఎవరినీ అడగలేదు, ఎవరూ పట్టలేదు.

*

శుక్రవారం వేరే యంత్రం వచ్చింది. పేట మొత్తం మీద నలభై ఒక్క కిలోలు తగ్గిందట. ఎర్మిందా దాదాపు మూడు కిలోలు తగ్గింది. ఈ సంగతులు నూబియాకి ఎవరూ వచ్చి చెప్పలేదు. కొట్టు ముందు నుంచి పోయేవాళ్ళ మాటల్లో వింది. వాళ్ళు ఇంకో వీధి దాకా దిగి అక్కడి కొట్లో కూరలు కొనుక్కుని, నిండిన సంచులు ఆవిడకి కనబడేలా ఇటు తిప్పి పట్టుకుని వెళ్ళారు. పచ్చ కాగితాన్ని నూబియా నీళ్ళు పెట్టి గోకింది. సగం వచ్చింది, సగం జిగురుతో అలాగే ఉండిపోయింది.

శనివారం పొద్దున పై నుంచి పాట వినిపించింది. కొట్టులో నిలబడి కారెట్ల మట్టి తుడుస్తూ ఉంటే కాళ్ళు వాటంతట అవే తాళానికి కదిలాయి. ఆపేసింది.

తరగతి అయిపోయాక ఎర్మిందా దిగి వచ్చింది. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుని ఉంది. చేతిలో సోమవారం నాటి సంచే, ఖాళీది. కొట్టు ముందు నిలబడి కాటాకేసి చూసింది. తర్వాత పళ్ళెం కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమింది. చెయ్యి తీసి లంగాకి తుడుచుకుంది.

"తగ్గాల్సింది నేను దోన్యా నూబియా. నా దుంపలు కాదు."

కొమాద్రే అనలేదు. ఇరవై ఏళ్ళలో ఆమె నోట తన పేరు వినడం నూబియాకి అదే మొదటిసారి. దుంపల గంప మీది గోనె తీసింది.

"కాటా అక్కర్లేదు," అంది ఎర్మిందా. వంగి తనే ఏరింది. ఒకటి చూసి సంచిలో వేసింది, ఇంకోటి చూసి పక్కన పెట్టింది. మెత్తబడ్డదాన్ని గిరాటేసింది. ఆమెకి ఎటువంటి తొందరా లేదు. ఐదు వేశాక ఆగి సంచి ఎత్తి చూసుకుంది.

"ఇది చాలు. మొన్నటి సంచికి చెల్లు," అంది.

"ఇటివ్వు." నూబియా సంచి అందుకుని వేళ్ళకి తగిలించుకుంది. ఆ చేతికి కాటా అక్కర్లేదు. ఆరు వందలు, మహా అయితే ఇంకో పది.

ముప్పావు కిలోకి ఇది తక్కువని ఎర్మిందాకి తెలియదు. తెలిసే అవకాశమూ లేదు.

"ఇంకా రెండు పట్టాలి," అంది నూబియా.

గంపలోంచి రెండు దుంపలు తీసింది. చిన్నవి కాదు. సంచిలో వేసి, మళ్ళీ వేళ్ళకి తగిలించి చూసుకుని ఇచ్చింది. ఎర్మిందా సంచిని కాదు, నూబియా ముఖాన్నే చూస్తోంది.

"ఇది ఒక్క సంచికే," అంది ఎర్మిందా. "పదకొండేళ్ళ నుంచి కొంటున్నాను."

"తెలుసు."

"అయితే రేపు వస్తాను. ఎల్లుండి కూడా వస్తాను."

అని తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది. నలభై దగ్గర ఆగలేదు. ఎనభై దగ్గర ఆగలేదు. నూట ఇరవై దగ్గర సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది గానీ ఆగలేదు. ఆమె మలుపు తిరిగేదాకా నూబియా చూసింది. తర్వాత దుంపల గంపని కొట్టు ముందుకి లాగి, రేపటికి మంచివి ఏరడం మొదలుపెట్టింది.